గోడమీది జతలు

ఎనిమిది రోజుల తర్వాత షెడ్డులో కాలు పెడుతూనే ఇలోయ్ గార్దూన్యో గుమ్మం దగ్గర ఆగిపోయాడు. తలుపు పక్కన మేకుకి ఎప్పట్నుంచో వేలాడే మిరపకాయల దండ ఎర్రగా మండిపోతోంది. అది ఎండి ఇటుకపొడి రంగుకి తిరిగిపోయిందని, తీసి అవతల పారెయ్యమని కొరీన్‌ని ఎన్నిసార్లు కసిరాడో లెక్కలేదు.

"కొత్త దండ ఎప్పుడు కట్టావు?" అన్నాడు.

కొరీన్ ఆర్చులెటా బకెట్ ముందు పీట వేసుక్కూచుని రేకు నునుపుగా తోమే వాటర్ పేపరు నానబెడుతోంది. తలెత్తలేదు.

"కట్టలేదు, డాన్ ఇలోయ్. అది పోయిన ఏటి దండే. మీ కన్ను కొత్తది."

కుడి కంటికి శుక్లం తీశారు. ఎడమ కన్ను వచ్చే నెల. డాక్టరమ్మ పట్టీ విప్పినప్పుడు "తెలుపు తెల్లగా కనపడుతోందా?" అని అడిగితే ఇలోయ్‌కి నవ్వొచ్చింది. పాతికేళ్లుగా క్యాండీ రంగులు కొడుతున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నా అది! ఎస్పన్యోలా లోయ మొత్తం మీద మోటారు సైకిలు ట్యాంకు పక్కన కొత్త మడ్‌గార్డు పెట్టి, ఏది పాతది ఏది కొత్తది చెప్పు చూద్దాం అని పందెం కాయగలిగినవాడు తనొక్కడే. షెడ్డు యజమాని ఓర్లాండో విహీల్ అయినా, బోర్డు మీద పెద్దక్షరాలతో ఉన్నది ఇలోయ్ పేరే.

క్యాండీ రంగు కలపడమంటే గోడకి సున్నం కొట్టడం కాదు. అడుగున వెండి పూత. దాని మీద, అవతలి వెలుగు కనపడేంత పల్చటి రంగునీళ్లు పొర మీద పొర. ఒక్కో పొరకీ రంగు ఒక్కో మెట్టు లోతుకి దిగుతుంది. అయిదో పొర దగ్గర ఆగాల్సినవాడు ఆరోది కొట్టాడా, ఇక వెనక్కి రావడం ఉండదు. మొత్తం గీకి మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాల్సిందే. చప్పరించిన పిప్పరమెంటు బిళ్లని ఎండకేసి పట్టినట్టుండాలి. దానికి చెయ్యి కావాలి. చెయ్యి కన్నా ముందు కన్ను కావాలి.

ఓర్లాండో కాఫీ కప్పుతో వచ్చి భుజం మీద చరిచాడు. అక్కడ అందరూ అందరికీ ప్రీమోలే, చుట్టరికం ఉన్నా లేకపోయినా.

"ఏం ప్రీమో, ఇప్పుడు గోడవతల ఏముందో కూడా కనపడుతోందా?"

"నీ బట్టతల మాత్రం బాగా కనపడుతోంది."

ఓర్లాండో నవ్వి, ఇలోయ్‌ని జబ్బ పట్టుకుని వెనక గుమ్మం దాకా తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు.

"శుక్రవారంతో కొరీన్‌ని మానిపించేద్దామనుకుంటున్నా. తోమడానికీ టేపు అంటించడానికీ మనిషెందుకు? నువ్వేమంటావు?"

ఇలోయ్ బకెట్ వైపు చూశాడు. పదకొండేళ్లుగా ఆ వీపు అక్కడే వంగి ఉంది. ఆ మనిషి పోతే మరి ఎక్కడికి పోతుందన్న ఆలోచన అతని బుర్రలోకి వచ్చిందని చెబితే అబద్ధమే అవుతుంది.

"నీ ఇష్టం. తోమే పనికి ఎవరైతేనేం" అన్నాడు.

అని, తన గోడ దగ్గరికి పోయాడు.

ఆ గోడంటే అతనికి ప్రాణం. ఒక పని అయిపోగానే ఆ బండి తాలూకు విరిగిన పాత ముక్క ఒకటి తీసి గోడకి కొట్టేవాడు. పక్కనే తను రంగు సరిపోల్చుకున్న కార్డు. ముక్కా కార్డూ జతగా. కార్డు మీద తేదీ, ఎన్ని పొరలో పెన్సిలుతో. ఆఖరి పైపూత కూడా కార్డుకి మాత్రం తనే కొట్టుకునేవాడు. పన్నెండేళ్ల జతలు ఎడమ నుంచి కుడికి వరసగా ఉన్నాయి. కొత్త గిరాకీ ఎవరొచ్చినా ఓర్లాండో ముందు ఆ గోడ దగ్గరికే తీసుకొచ్చేవాడు.

ఎడమ చివర ఎర్ర ముక్కా ఎర్ర కార్డూ ఒకే చెట్టు కాయల్లా ఉన్నాయి. దాని పక్కది బంగారు రంగు. అదీ అంతే. ఇలోయ్ తృప్తిగా ఒక్కో అడుగూ కుడికి జరుగుతున్నాడు. తొమ్మిదో ఏడు దాటాడు. అక్కడ ఆకుపచ్చ జత దగ్గర కాలు ఆగింది.

ముక్క నెమలిమెడలా ఉంది. పక్కన కార్డు బీరకాయ తొక్కలా ఉంది.

ఎవరో కార్డులు తారుమారు చేశారనుకున్నాడు. మేకు చూశాడు. తను కొట్టిన మేకే. పెన్సిలు రాత తనదే. ఇంకో అడుగు వేశాడు. నీలం ముక్క పక్కన బూడిద కలిసిన నీలం. ఇంకో అడుగు. ఇంకోటి. కుడి చివర దాకా ఒక్క జతా కలవలేదు. పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసిన అపరిచితుల్లా ఉన్నాయి.

కుడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమ కంటితో చూశాడు. లోకమంతా పాత న్యూస్‌పేపరు రంగులోకి దిగిపోయింది, ఆ పసుప్పచ్చలో జతలన్నీ చక్కగా కలిశాయి. చెయ్యి తీశాడు, విడిపోయాయి. పెట్టాడు, కలిశాయి. తీశాడు.

 పక్కనున్న రంగు డబ్బా మీద కూలబడ్డాడు.

"కళ్లు తిరుగుతున్నాయా?" కొరీన్ అడిగింది, చేతులు తుడుచుకుంటూ. "మందు చుక్కలు వేసుకున్నారా?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. 

బుధవారం పొద్దున ఫిడెల్ లూసెరో బండిని ట్రక్కు మీద వేసుకొచ్చాడు. ఫిడెల్ ముప్ఫయ్యేళ్లు బడి బస్సు నడిపి దిగిపోయినవాడు. నేరేడు పండు రంగు బండి, డెబ్భై నాలుగు నాటిది. రెండేళ్ల కిందట ముందు మడ్‌గార్డు నుజ్జయితే కొత్తదానికి ఇలోయే రంగు కొట్టాడు. ఇప్పుడు చర్చి ముందు స్టాండు జారి పక్కకి పడి, సైడు కవరూ సీటు వెనక తోకా పగిలాయి. ఆదివారం ఊరేగింపులో ముందు నడవాల్సిన బండి అది.

"నా భార్య వెళ్లిపోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు ప్రీమో" అన్నాడు ఫిడెల్.

"ఆవిడ తిరిగొచ్చింది కదా?"

"అందుకే అంటున్నా."

ఓర్లాండో పగలబడి నవ్వాడు. ఇలోయ్ నవ్వలేదు. బండిని ఎండలోకి దించగానే ట్యాంకు పక్కన మోకాళ్ల మీద కూచుని మడ్‌గార్డునీ ట్యాంకునీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎదురుగా చూశాడు, పక్కనుంచి చూశాడు, నేలకి చెవి ఆనించి కిందనుంచి చూశాడు. రెండూ ఒకటే. పైన నల్లటి నిగారింపు, ఎండ తగిలిన చోట లోపల్నుంచి ఊదా మంట. వెంట్రుకవాసి తేడా లేదు.

గబగబా లోపలికి పోయి గోడ మీంచి ఆ పని తాలూకు కార్డు పీక్కొచ్చాడు. ఫిడెల్ బండి, ఆరు పొరలు, తన రాతే. మడ్‌గార్డు మీద పెట్టాడు.

నేరేడు పండు మీద ఎండు ఖర్జూరం పెట్టినట్టుంది.

కార్డు మీద రాత మళ్లీ చూసుకున్నాడు. తన స్ప్రే గన్నులోంచి వచ్చిన రంగు ఇది, ఖర్జూరం. మరి బండి మీదున్న నేరేడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ రంగు కొట్టేవాడు ఇంకొకడు లేడు. ఇన్నేళ్లలో ఒక్క గిరాకీ తిరిగొచ్చి ఇదేం రంగయ్యా అనలేదు. పోలీసులు నీ ఇంట్లో ఎవరో కాపరం ఉంటున్నారు, నీకు తెలియదా అని అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి.

"ఏమిటి ప్రీమో, దెయ్యాన్ని చూసినట్టు?" అన్నాడు ఫిడెల్.

"ఏం లేదు. ఎండ."

ఆ రోజంతా పొరలు లెక్కపెట్టుకున్నాడు, కళ్లతో కాదు, మనసులో. వెండి పూత తనే. క్యాండీ తనే. ఆ తర్వాత మిగిలేది ఆఖరి పైపూత, రంగులేని గాజుపూత ఒక్కటే. దాని ఘాటు ఊపిరితిత్తులకి పడక అయిదేళ్ల కిందటే మానేశాడు. అందులో కళ ఏముంది, నీళ్లలాంటిది, కోతి చేతికిచ్చినా కొడుతుంది అని కొరీన్‌కి అప్పజెప్పేశాడు. నాలుగింటికి తను ఇంటికి పోతాడు. ఆ తర్వాత ఆవిడ కొడుతుంది.

గురువారం సైడు కవరు తీసుకుని కావాలనే పాత కార్డు మీదున్న పాళ్లే కలిపాడు. చుక్క తేడా లేకుండా అదే ఖర్జూరం. గన్ను జానెడు దూరంలో పట్టుకుని, మణికట్టు వంచకుండా, ఒక పోత సగం మీదికి రెండో పోత ఎక్కేలా ఆరు పొరలూ కొట్టాడు. ప్రతి పొరకీ కుడి కన్ను ఒద్దు ఒద్దంటూనే ఉంది. తెలిసి తెలిసి తప్పు రంగు కొట్టడం అతని జన్మలో అదే మొదటిసారి. తెలియక ఎన్నిసార్లు కొట్టాడో ఆ గోడే చెబుతోంది.

"అద్దినట్టు కలిసింది. పైపూత కొట్టెయ్" అన్నాడు కొరీన్‌తో.

ఆవిడ సైడు కవరు వంక చూసింది. మొహంలో ఏమీ కదల్లేదు.

"అలాగే, డాన్ ఇలోయ్. వెళ్లి పడుకోండి. కంటికి దుమ్ము తగలనియ్యకండి."

ట్రక్కు దాకా పోయి, తలుపు తీసి చప్పుడయ్యేలా వేసి, షెడ్డు వెనకనుంచి తిరిగొచ్చాడు. స్ప్రే గది తలుపుకి అరచెయ్యంత అద్దం ఉంది. దాని పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు, దొంగలా.

కొరీన్ కవరుని కొక్కెంతో సహా వెనక గుమ్మంలోకి, ఎండలోకి పట్టుకెళ్లింది. బండి ట్యాంకు పక్కన పెట్టి, తల ఇటూ అటూ వంచింది. పెదవి కొరుక్కుంది. లోపలికొచ్చి, అన్నం డబ్బా తెరిచి, టార్టియ్యా రొట్టెల కింద గుడ్డలో చుట్టిన బొటనవేలంత సీసా తీసింది. పైపూత కప్పులో నీలం ఒక చుక్క, రెండు, మూడు. పుల్లతో కలిపింది. చిన్న రేకు ముక్క మీద కొట్టి ఆరబెట్టి ఎండలోకి పరిగెత్తింది. తిరిగొచ్చి ఇంకో అర చుక్క వేసింది. పుల్ల కొసన అంటించి, సగం విదిలించి.

అప్పుడు గన్ను ఎత్తింది. జానెడు దూరం. మణికట్టు వంచలేదు. ఒక పోత సగం మీదికి రెండో పోత.

ఇలోయ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు. అద్దంలో చూసుకున్నట్టు తెలుసు. ఎవరూ నేర్పలేదు దానికి. పదకొండేళ్లు బకెట్ దగ్గర వంగి, ఓరకంటితో దొంగిలించుకున్న చెయ్యి అది. రెండో పొరకి ఖర్జూరం తేలిపోయి లోపల్నుంచి ఊదా మంట లేచింది. మూడోదానికి సైడు కవరు ఆ ట్యాంకు కడుపున పుట్టినట్టే ఉంది.

కొరీన్ మాస్కు దించుకుని తిరిగింది. అద్దంలో అతని మొహం చూసింది. గన్ను చేతిలోంచి జారబోయి ఆగింది.

తలుపు తీసింది ఆవిడే.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"ఆ ఆకుపచ్చ బండి నుంచి. మూడేళ్లు."

"నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పాను" అంది కొరీన్. "మొదటిసారే చెప్పాను. రంగులో నీలం తగ్గింది డాన్ ఇలోయ్ అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తులేదు. ఆవిడ అతని గొంతుతోనే చెప్పింది, కళ్లు చిట్లించి, గడ్డం ఎత్తి: "వాటర్ పేపరు పట్టుకునే దానికి కళ్లు కూడా ఉంటాయా?"

ఇలోయ్ గుమ్మం పట్టుకున్నాడు.

"ఆ మాటతో మళ్లీ నోరెత్తలేదు. గిరాకీ బండి తిప్పి పంపిస్తే షెడ్డు మూత పడుతుంది. మూతపడితే నేను పోయి క్యాసినో హోటల్లో పరుపులు దులపాలి. మీ కోసం చేశాననుకోకండి."

"ఓర్లాండోకి తెలుసా?"

కొరీన్ సీసా మూత బిగించింది. "ఈ నీలం ఎవరు తెప్పించారనుకున్నారు?"

అప్పుడు గుర్తొచ్చింది ఇలోయ్‌కి, మంగళవారం తనన్న మాట. తోమే పనికి ఎవరైతేనేం. అది ఈవిడకి తెలియదు. రేపు శుక్రవారమని కూడా తెలియదు. చెబుదామని నోరు తెరిచాడు. చెప్పకుండానే వెనక్కి తిరిగి ఓర్లాండో దగ్గరికి నడిచాడు.

ఓర్లాండో గదిలో కాగితాల మధ్య బరీటో రొట్టె తింటున్నాడు. ఇలోయ్ తలుపు వేసి నిలబడే మాట్లాడాడు. చూసిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఓర్లాండో నమలడం ఆపలేదు.

"తెలుసు" అన్నాడు చివరికి, మూతి తుడుచుకుంటూ. "కూచో ప్రీమో. మూడేళ్లుగా తెలుసు. నీకు చెబితే నువ్వు చచ్చిపోయేవాడివి. బోర్డు మీద నీ పేరుంది. జనం గార్దూన్యో కన్ను కోసం వస్తారు, ఆర్చులెటా కన్ను కోసం రారు. అందుకని ఆవిడ్ని ఉంచా. నీకు ఊతకర్రలాగా."

"మరి ఇప్పుడు తీసేస్తానంటావేంటి?"

ఓర్లాండో నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ కన్ను బాగైంది కదా! కాలు అతుక్కున్నాక ఊతకర్ర ఎవడు మోస్తాడు?"

ఇలోయ్ ఆ కన్ను కోసం కొవ్వొత్తి వెలిగించాడు చర్చిలో. మోకాళ్ల మీద నడిచాడు. ఆ కన్నే ఇప్పుడు కొరీన్ కూడు లాక్కుంటోంది.

"ఆవిడ్నే రంగు కొట్టనీ" అన్నాడు. "నాకన్నా బాగా కొడుతోంది."

"నీ కన్ను ఆడుతున్నంత కాలం ఇద్దరు అక్కర్లేదు. అయినా మంగళవారం నువ్వే అన్నావుగా, ఎవరైతేనేం అని. రేపు ఫిడెల్ వస్తాడు, వాడి ముందు తోక రంగు నువ్వే కలిపి చూపించు. గార్దూన్యో కన్ను తిరిగొచ్చిందని లోయంతా చెప్పుకోవాలి. తలుపు దగ్గరగా వేసి పో ప్రీమో, ఈగలు."

శుక్రవారం పొద్దున్నే వచ్చి ఇలోయ్ అయిదు కార్డులు కొట్టాడు. మొదటిది పాత పాళ్లే, ఖర్జూరం. తర్వాత ఒక్కోదానికీ కొంచెం కొంచెం నీలం పెంచుకుంటూ పోయాడు. ఆరాక ట్యాంకు మీద వరసగా పరిచాడు. మూడోది. చూడక్కర్లేదు కూడా, మూడోది ట్యాంకులో కరిగిపోయి అంచులు మాత్రమే కనపడుతున్నాయి. ఎన్నేళ్లయిందో ఆ సుఖం తెలిసి. 

పది గంటలకి ఫిడెల్ వచ్చాడు. వెనకే ఓర్లాండో, చేతులు రుద్దుకుంటూ. కొరీన్ బకెట్ దగ్గరే ఉంది. పగిలిన తోక స్థానంలో వచ్చిన కొత్తదాన్ని తోముతోంది.

"చూడు ఫిడెల్" అన్నాడు ఓర్లాండో. "ఆపరేషన్ అయ్యాక మొదటి పని నీదే. డేగ కన్ను. చెప్పు ప్రీమో, ఏది?"

ఇలోయ్ ట్యాంకు ముందు నిలబడ్డాడు. అయిదు కార్డులూ ఎండలో మెరుస్తున్నాయి. మూడోది పిలుస్తున్నట్టే ఉంది. నెమ్మదిగా, ఎండ పడ్డట్టు, కుడి కన్ను మూశాడు. లోకం పసుప్పచ్చగా మారింది. ఇప్పుడు అయిదూ ఇంచుమించు ఒకటే. అందులో ఎడమ కంటికి అన్నిటికన్నా బాగా నచ్చినదాని మీద వేలు పెట్టాడు.

"ఇదే."

 బకెట్ దగ్గర తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"ప్రీమో..." ఫిడెల్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "నేను బస్సు డ్రైవర్ని, నాకేం తెలుస్తుంది. కానీ అది కొంచెం... గోధుమ రంగులో లేదూ?"

ఓర్లాండో మొహంలో నెత్తురు దిగిపోయింది. "తొందరపడకు. మళ్లీ చూడు."

మళ్లీ చూశాడు. మళ్లీ ఆ మొదటి కార్డే. పాతికేళ్లలో ఎవడూ తన వేలి కింద ఉన్న కార్డు తప్పని అనలేదు. చెంపలు మండుతున్నాయి. వేలు మాత్రం తియ్యలేదు.

"కుదర్లేదు" అన్నాడు. "ఆపరేషన్ కుదర్లేదు. దారి కనపడుతోంది, మొహాలు కనపడుతున్నాయి, రంగు కనపడటం లేదు. మూడేళ్లుగా కనపడటం లేదు, ఫిడెల్. నీ ముందు మడ్‌గార్డు చూసి మురిసిపోతావే, ఆ రంగు నాది కాదు. నేను కొట్టింది ఇదిగో, ఈ ఖర్జూరం. దాన్ని నేరేడు చేసింది ఆవిడ." బకెట్ వైపు గడ్డంతో చూపించాడు.

ఫిడెల్ కొరీన్ వంక చూశాడు. మడ్‌గార్డు వంక చూశాడు. ఓర్లాండో వంక చూశాడు.

"నిజమేనా?"

ఓర్లాండో అవునన్నట్టు తలాడించాడు. కాదంటే, గార్దూన్యో కన్ను ఇంత ఎండలో ఖర్జూరం కార్డు మీద వేలెందుకు పెట్టించినట్టు?

"అయితే తోకకి కూడా ఆవిడే కొట్టాలి" అన్నాడు ఫిడెల్. "ఆదివారం నేను అందరికంటే ముందు పోవాలి. నాకు పేరుతో పనిలేదు, నా బండి వెనక నుంచి ఒక రంగు, ముందు నుంచి ఒక రంగు ఉంటే నా భార్య మళ్లీ వెళ్లిపోతుంది. అమ్మా, నువ్వు ఆదివారం ఊరేగింపుకి వస్తావు కదా? అడిగినవాళ్లందరికీ నిన్నే చూపిస్తా."

కొరీన్ లేచింది. మోకాళ్ల మీంచి నీళ్లు కారుతున్నాయి. ట్యాంకు దగ్గరికొచ్చి, ఇలోయ్ వేలి కిందున్న కార్డుని పక్కకి నెట్టి, మూడోది తీసింది. ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. దాన్ని ఓర్లాండో చేతిలో పెట్టింది.

ఓర్లాండో దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆదివారం లోయంతా ఆ బండి చుట్టూ మూగుతుంది. "సోమవారం మూడు బండ్లు వస్తున్నాయి" అన్నాడు ఎటో చూస్తూ. "పొద్దున్నే రా, కొరీన్." అని ఫిడెల్‌ని కాఫీకి తీసుకుపోయాడు.

ఇలోయ్ తన గన్ను మేకు మీంచి తీసి, పిడి అంగీతో తుడిచి, ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. పోయి బకెట్ ముందు పీట మీద కూచున్నాడు. పీట మరీ పొట్టిగా ఉంది. పదకొండేళ్లు ఒక మనిషి ఇంత కిందనుంచి చూసిందా తనని అనిపించింది. వాటర్ పేపరు తీసి తోకకి ఆనించాడు.

కొరీన్ గన్ను ముట్టుకోలేదు. వచ్చి అతని నెత్తిన నిలబడింది.

"ఏ కన్ను మూశావో చూశాను" అంది. గార్లూ డాన్లూ ఏమీ లేవు.

ఇలోయ్ తోముతూనే ఉన్నాడు.

"వచ్చే నెల రెండో కంటికి కూడా శుక్లం తీస్తారుగా. అప్పుడేం చెబుతావు?"

"అదీ కుదర్లేదంటా."

"ఆ డాక్టరమ్మ మీద ఊరు పడుతుంది, పాపం."

"పడనీ. మంగళవారం నేను..." అని మొదలుపెట్టాడు. ఆ మాట ఈసారి నోటి దాకా వచ్చింది. "ఓర్లాండో నిన్ను తీసేస్తానంటే, తోమే పనికి ఎవరైతేనేం అన్నాను."

కొరీన్ మొహం తెల్లబోయింది. కుడి కంటికి ఆ తెలుపు ఉన్నది ఉన్నట్టు కనపడింది.

తర్వాత వంగి, అతని చేతిలో తోక లాక్కుని, అంచు మీద గోరుతో గీసి చూసింది.

"ఇక్కడ ఇంకా నునుపు రాలేదు. ఎవరైతేనేం కాదు, చేతనైనవాడు చెయ్యాలి" అంది. తోక వెనక్కిచ్చి గన్ను దగ్గరికి నడిచింది. "ముందు ఆ నీళ్లు మార్చు."

ఇలోయ్ బకెట్ పట్టుకుని లేచాడు.